హెయిర్ డై: క్యాన్సర్ భయం సరే, దురద సంగతేంటి?

పెళ్లి ముహూర్తాలు వచ్చాయంటే తిరుపతి సెలూన్లలో రంగు వేయించుకునేవాళ్లతో కుర్చీలు ఖాళీ ఉండవు. కొండ మీద తలనీలాలు ఇచ్చొచ్చాక మొలిచిన జుట్టులో తెలుపు చూసి కంగారుపడి డై మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరిని కదిపినా ఒకటే టెన్షన్, క్యాన్సర్ వస్తుందా అని.

అమెరికాలో 1,17,200 మంది నర్సులను 36 ఏళ్లు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పర్మనెంట్ డై వాడినవాళ్లకు చాలా రకాల క్యాన్సర్ల ముప్పు పెరగలేదు, అండాశయ క్యాన్సర్‌లోనూ కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లలోనూ కాస్త పెరుగుదల కనిపించింది. అంతకుముందు 2019లో ఇంకో అధ్యయనం రొమ్ము క్యాన్సర్ ముప్పు 9 శాతం ఎక్కువంది, కాకపోతే అందులో ఉన్నవాళ్లంతా అక్కకో చెల్లికో ఆ జబ్బు వచ్చినవాళ్లే. ఏడాదికి నాలుగుసార్లు రంగేసుకునే మనిషి దీనికి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదని నా అభిప్రాయం.

అసలు పట్టించుకోవాల్సింది అలర్జీ. నల్ల రంగు డైలలో ఎక్కువగా ఉండేది పీపీడీ అనే రసాయనం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిశాకే అది వెంట్రుక లోపల నల్లబడి నిలిచిపోతుంది. ఇది కొందరి ఒంటికి పడదు. పదేళ్లు ఏమీ కాకుండా వాడినవాళ్లకు కూడా ఒకరోజు నెత్తి దురద, చెవుల వెనక నీరు కారడం, తెల్లారేసరికి కళ్లు తెరవలేనంత వాపు రావచ్చు. ఒకసారి పడలేదంటే ఇక జన్మలో పడనట్టే లెక్క. అమోనియా లేదని రాసిన డైలోనూ పీపీడీ ఉండొచ్చు, ‘నల్ల మెహందీ’ ప్యాకెట్‌లో అయితే మరీను. ఒట్టి గోరింటాకు ఎర్రగా పండుతుందే తప్ప నల్లబడదు కదా! నీలి ఆకు పొడి కలపకుండా నలుపు వచ్చిందంటే అనుమానించాల్సిందే. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగమని ప్యాకెట్ మీదే ఉంటుంది, ముహూర్తం రేపనగా డై కొనేవాళ్లు అదెక్కడ చదువుతారు? కనుబొమ్మలకు మాత్రం అస్సలు వద్దు.

ఇక మనం మర్చిపోయే మనిషి రంగు వేసే అతను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010 నివేదికలో సొంతానికి వాడేవాళ్ల గురించి ఏదీ తేల్చలేదు గానీ, సెలూన్ పనిని మాత్రం క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పనుల్లో చేర్చింది, ముఖ్యంగా మూత్రాశయ క్యాన్సర్‌ను చూసి. మన దగ్గర చిన్న షాపుల్లో చాలామంది వట్టి చేతులతోనే కలుపుతారు, గాలాడని గదిలో రోజంతా అదే వాసన. తిరుపతి, చిత్తూరు కార్పొరేషన్లు షాపులకు లైసెన్సు ఇచ్చేటప్పుడు గ్లౌజులు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి చేస్తే ఖర్చు పెద్దగా ఉండదు. ఆ రూలు వచ్చేదాకా గ్లౌజులేవని కస్టమరే అడగాలి.