మూడంటే ఆరా? పాయింటు గారికి ఒక లేఖ

మహారాజశ్రీ పాయింటు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ నా వైపు కుశలం శనివారం మధ్యాహ్నం రెండింటికి సన్నగిల్లడం మొదలై సాయంత్రం ఆరింటికి పూర్తిగా ముగిసింది. తమరు మాత్రం క్షేమమేనని రాత్రి వచ్చిన సందేశం చూసి గ్రహించాను: ‘ఈరోజు మైనస్ 5 పాయింట్లు. ఈ ఏడాది మొత్తం ప్లస్ 41. క్రమశిక్షణే మన బలం.’ పంపింది గుర్రాల మీద, ఆటల మీద ఎంతెంత పందెం కాయాలో టిప్పులిచ్చే పెద్దమనిషి. ఆయన చెప్పినవే నేనూ కాశాను. ఆయనకు పోయింది 5, నాకు పోయింది 64. ఇద్దరం లెక్కపెట్టింది తమరినే.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో తమరికి తెలియనిది కాదు. అయినా చెబుతాను, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పందెం సొమ్మును ఇంటి సొమ్ముతో కలపకుండా పక్కన పెట్టాను. దాన్ని వంద ముక్కలు చేసి ఒక్కో ముక్కకు తమరి పేరు పెట్టాను. అందరూ చెప్పే పద్ధతే: పాయింటు అంటే నిధిలో నూరో వంతు, ఒక పందానికి ఒకటో రెండో, మహా అయితే మూడు. మొదటి టిప్పు వచ్చింది: ‘3 పాయింట్లు, ఈచ్ వే.’ మూడు అన్నారు కదా, మూడే అనుకున్నాను. బటన్ నొక్కాక తెర మీద చిన్న అక్షరాల్లో కనబడింది, ‘మొత్తం 6’ అని.

మూడంటే ఆరు! ఈచ్ వే అంటే ఒకటి కాదు, రెండు పందేలట. గుర్రం గెలుస్తుందని ఒక మూడు, గెలవకపోయినా ముందు వరసలో వస్తుందని ఇంకో మూడు. సరే, ఆ రెండో మూడైనా ఆదుకుందా? నేను కాసినప్పుడు బరిలో 8 గుర్రాలు. ఈ పద్ధతి పుట్టిన బ్రిటన్ లెక్క ప్రకారం, 8 పరిగెత్తితే మామూలుగా మూడో స్థానం దాకా చెల్లిస్తారు. 7 అయితే రెండో స్థానంతో సరి. పరుగుకు పది నిమిషాల ముందు ఒక గుర్రం తప్పుకుంది. మన గుర్రం ఎన్నోదిగా వచ్చిందో వేరే చెప్పాలా? ముక్కు తేడాలో ఓడినా బాధకు ఒక అందం ఉండేది. ఇది ముందు రెండింటినీ సాగనంపుతున్నట్టు, వెనక నాలుగింటితో తనకేమీ సంబంధం లేనట్టు, తీరిగ్గా మూడోదిగా వచ్చింది. ఆ ఎనిమిదోది పరుగు మొదలయ్యాక నాలుగడుగులు వేసి గడ్డి మేస్తూ నిలబడిపోయినా నాకు డబ్బు వచ్చేది.

పెద్దమనిషి ఖాతాలో ఆ పందెం మైనస్ 3. పాత సందేశాలన్నీ తిరగేశాను. గెలిచిన రోజున రెండు మూళ్ల లాభమూ రాసుకుంటాడు, ఓడిన రోజున ఒక్క మూడే రాస్తాడు. ఆ ప్లస్ 41 ఎలా పండిందో ఇప్పుడు అర్థమైంది. తమరు దానికి అడ్డు చెప్పలేదు. ఎలా చెబుతారు? ఎవరు ఎంత అంటే అంత కావడమే తమరి వృత్తి కదా.

అసలు తమరు ఎవరో ఒక్కసారి తేల్చి చెప్పండి. ఒక టిప్పులో ‘మైనస్ 5.5 పాయింట్ల హ్యాండిక్యాప్ మీద 2 పాయింట్లు’ అని ఉంటుంది, అంటే ఒక జట్టు స్కోరులోంచి 5.5 తీసేసినా అదే గెలుస్తుందని 2 కాయమని. మొదటిది ఆటగాళ్లు చెమటోడ్చి సంపాదించేది, రెండోది నేను కూర్చుని పోగొట్టుకునేది. రెండింటికీ ఒకే పేరు. ఒకాయన ‘10 పాయింట్లు’ అంటే పదికి పది మార్కుల నమ్మకం అని అర్థం. ఇంకొకాయన ‘10 పాయింట్లు’ అంటే నిధిలో పదో వంతు తీసుకొచ్చి పొయ్యిలో పెట్టమని అర్థం. ఏది ఏదో తెలిసేలోపు పొయ్యి అంటుకుని ఉంటుంది.

రెండో టిప్పు 2 పాయింట్లు, పోయింది. దాని గురించి చెప్పడానికేమీ లేదు, మర్యాదగా ఓడింది. నిధి 92. అక్కడ ఫోను పక్కన పెట్టి లేచి ఉంటే ఈ లేఖే ఉండేది కాదు. కానీ మూడంటే ఆరెలా అవుతుందన్న మాట గొంతులో ముల్లులా దిగి కదలడం లేదు. ఎనిమిది పోయాయి కదా, 2.00 రేటు ఉన్న చోట, అంటే గెలిస్తే కాసినదానికి రెండింతలు చేతికొచ్చే చోట, ఎనిమిది కాస్తే ఎనిమిదీ తిరిగి వస్తాయి కదా అని నాలోని గణిత శాస్త్రవేత్త మేల్కొన్నాడు. ఎనిమిది కాశాను, పోయింది. పదహారు కాశాను. తొంభయ్యో నిమిషంలో గోలు పడింది, అవతలి వైపు. ముప్పై రెండు కాశాను. ఆ ఆట గురించి రాయను. తర్వాతి మెట్టు 64. నా దగ్గర మిగిలింది 36.

ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేసే ఈ పద్ధతిని మార్టింగేల్ అంటారని నాకు తెలుసు. ఒకటితో మొదలుపెట్టినా ఏడు ఓటములకు 127 పాయింట్లు హరించుకుపోతాయని తెలుసు. సగం సగం అవకాశమున్న పందేలు వెయ్యి కాస్తే, ఎక్కడో ఒకచోట వరసగా తొమ్మిది పదిసార్లు ఓడటం వింతేమీ కాదనీ తెలుసు. ఇవన్నీ మా మేనల్లుడికి పోయిన నెలలోనే, వేలు చూపించి మరీ, బోధించాను. వాడికి ఈ శనివారం సంగతి తెలియనివ్వకండి.

తమరి బంధువర్గం అంతా ఇలాంటిదే. ఫిబొనాచ్చి గారు కుందేళ్ల లెక్క (1, 1, 2, 3, 5, 8, ముందు రెండూ కలిపితే తర్వాతది) పట్టుకొచ్చి, ఓడినప్పుడల్లా పందెం ఆ వరసలో పెంచమని నష్టాలకు పిల్లలు పెట్టిస్తారు. ఓడితే ఒకటి పెంచు, గెలిస్తే ఒకటి తగ్గించు అనే పద్ధతికి డాలంబేర్ పేరు పెట్టారు. ఆ మహానుభావుడు నాణెం రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారి బొమ్మ పడే అవకాశం మూడింట రెండు వంతులని 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో రాశాడు. అది నాలుగింట మూడు వంతులు. గొప్ప గణితవేత్తే పొరబడిన చోట నేనెంత అనుకుంటే కాస్త ఊరట.

కెల్లీ గారిని మాత్రం నేను ఏమీ అనలేను. 1956లో బెల్ ల్యాబ్స్‌లో కూర్చుని, తీగ మీద వెళ్లే సమాచారం గురించి రాస్తూ రాస్తూ పందెగాళ్లకు ఒక సూత్రం ఇచ్చి పోయాడు. రేటు 3.00 ఉన్న చోట గెలిచే అవకాశం నిజంగా 40 శాతం ఉంటే నిధిలో పదో వంతు కాయమంటుంది. అదే అవకాశం మూడింట ఒక వంతే అయితే చిల్లిగవ్వ కూడా పెట్టవద్దంటుంది. మధ్యలో తేడా ఆరేడు శాతం. నా అంచనాలు ఎప్పుడూ ఇరవై శాతం అటూ ఇటూ ఊగుతుంటాయి. సూత్రం ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది, ‘నీకు నిజంగా ఎంత తెలుసు?’ అని. దానికి జవాబు తెలిసినవాళ్లు కూడా సగం కెల్లీతో, అంటే సూత్రం చెప్పినదాంట్లో సగంతో, సరిపెట్టుకుంటారు. నేను ఆ పేజీ మూసేశాను.

ధర్మరాజుకు తమరితో పరిచయం లేకపోవడం ఎంత లోటో అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. సంపదలో నూరో వంతే ఒడ్డి ఉంటే తమ్ముళ్ల దాకా, ద్రౌపది దాకా వచ్చేది కాదని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. అవతల ఉన్నది శకుని. పాచికలు ఆయనవి. తమరుంటే ఆ సభ మరో నెల రోజులు సాగేది, అంతే.

మా శకుని అంటే పందేలు తీసుకునే బుకీ, ఆయన పాచికలు కూడా నాకు తెలుసు. సరిసమానమైన ఇద్దరి మీద 1.91, 1.91 రేట్లు ఇస్తాడు. వందను రేటుతో భాగించి ఒక్కోదాన్ని శాతంగా మార్చితే 52.36, రెండూ కలిపితే 104.7. నూటికి పైనున్న ఆ నాలుగు చిల్లర ఆయన కూలి. నూటికి యాభై రెండుకు పైగా గెలిస్తే తప్ప నేను ఉన్నచోట కూడా ఉండలేను. ఒకటి కాయి, రెండు కాయి, పెంచు, తగ్గించు, కుందేళ్లను పిలువు, ఆ నాలుగు చిల్లర కదలదు. ఇది ఎవరైనా నీ పుస్తకాల్లో మొదటి పేజీలో రాశారా? నలభయ్యో పేజీలో, అదీ కింద!

అవును, నువ్వు అన్నాను. ఇక నాకు ఓపిక లేదు. ముప్పై రెండు అని నొక్కినప్పుడు నా వేలు వణకలేదు, తెలుసా? అది రెండు నెలల ఇంటి అద్దె. నోట్లు లెక్కపెట్టి ఎవరి చేతిలోనైనా పెట్టమంటే పదో నోటు దగ్గరే గుండె ఆగేది. కానీ అది అద్దె కాదు కదా, ‘పాయింట్లు’ కదా! డబ్బును చూసి కంగారు పడకూడదని నిన్ను కనిపెట్టారట. బాగా కనిపెట్టారు. కంగారు పడలేదు. మత్తుమందు ఇచ్చి నా జేబు కోసుకునే పని నాకే అప్పగించావు. మూడని చెప్పి ఆరు తీసుకున్నావు, ఆ ఆరు కోసం అరవై నాలుగు తీసుకున్నావు. ఇప్పుడు 36ను 100 చేయాలంటే 178 శాతం పెరగాలి. కాసిన ప్రతి వందకూ అయిదు మిగిల్చే మొనగాడికి కూడా ఒక్కో పాయింటు చొప్పున 1280 పందేలు పడుతుంది. నేను మొనగాణ్ణి కాదు.

అయినా నోటుబుక్కులో వెనక్కి తిరిగేస్తే మార్చి నుంచి మే దాకా ఒక పేజీ వరస ఉంది. పందానికి ఒక పాయింటు, ప్రతిదానికీ ఒక పాయింటు, కోపం వచ్చినా ఒక పాయింటు. గెలుపు దగ్గర టిక్కు, ఓటమి దగ్గర అడ్డగీత. మూడు నెలల చివర మైనస్ 4. ఆ మూడు నెలలూ భోజనం ముందు కూర్చుంటే భోజనమే కనిపించేది. అప్పట్లో తమరు, మళ్లీ తమరు అంటున్నాను, క్షమించాలి, బుద్ధిగా ఒకే సైజులో నా పక్కన కూర్చునేవారు. మనిద్దరికీ చెడింది నిన్నటి నుంచే.

ఇట్లు,
తమ విధేయుడు,
మాజీ నూరు పాయింట్ల ఆసామి

తా.క.: లేఖ ముగించాక కొత్త పేజీ తీశాను. మిగిలిన 36ను మళ్లీ వంద ముక్కలు చేసి, పైన ‘నిధి: 100 పాయింట్లు’ అని రాశాను. చూస్తే శనివారం అసలేమీ జరగనట్టే ఉంది. ఇంతలో పెద్దమనిషి ఆదివారం టిప్పు పంపాడు: ‘2 పాయింట్లు, ఈచ్ వే.’ నాలుగు అని రాసుకున్నాను.