‘నీకు తెలుసా?’ అనే నా అలవాటుకు

ఒరేయ్ ‘నీకు తెలుసా’,

పేరు పెట్టి పిలిచానని నొచ్చుకోకు. మన మధ్య గారూ గీరూ ఎందుకు? నేను రిటైరైన రోజు సాయంత్రం దండ, శాలువా చంకలో పెట్టుకుని ఇంటికొస్తుంటే నా వెనకే ఆటో ఎక్కి వచ్చేశావు. అంతకుముందు నువ్వెవరో నాకు తెలియదు. బ్యాంకు కౌంటరు వెనక ముప్ఫై నాలుగేళ్ళు కూర్చున్నవాణ్ణి. ఎవరేమడిగినా ‘మూడో కౌంటర్’ అని చెప్పి తల దించుకునేవాణ్ణి. అలాంటి నా నోట్లోకి ఎప్పుడు దూరావో, ఇప్పుడు పాలవాడు బెల్లు కొట్టినా ఆవు జీర్ణాశయంలో నాలుగు గదులుంటాయని చెప్పి పంపిస్తున్నాను.

ఇంట్లో నువ్వేం చేసినా ఓర్చుకున్నాను. కానీ మొన్న ఆదివారం మనవణ్ణి, మనవరాలిని జూకి తీసుకెళ్తే నీకు టికెట్ కూడా కొనలేదు. అయినా నా పళ్ళ సందున దాక్కుని లోపలికి ఎలా వచ్చావురా?

అసలు తప్పు ముందురోజు రాత్రే జరిగింది. అందరూ పడుకున్నాక నన్ను లేపి, ఫోను చేతికిచ్చి, పన్నెండింటి దాకా చదివించావు. డిగ్రీ పరీక్షలకు కూడా అంత చదవలేదు నేను. పొద్దున గేటు దగ్గర పిల్లలు బ్యాటరీ బండి కేసి పరుగు తీస్తుంటే, ఇద్దరి చేతులూ పట్టుకుని ఆపి, ‘‘నీకు తెలుసా? ఈ నెహ్రూ జూ 1963లో మొదలైంది. మూడువందల ఎనభై ఎకరాలు. అంతకుముందు జంతువులు పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి’’ అని నువ్వు మొదలుపెట్టావు. మనవడికి ఎనిమిదేళ్ళు. వాడు అడిగింది ఒక్కటే: ‘‘బండి వెళ్ళిపోయింది కదా తాతయ్యా, మళ్ళీ ఎప్పుడొస్తుంది?’’ అది మాత్రం నీకు తెలీదు.

జింకల దగ్గర కాస్త నయం. రాష్ట్రం విడిపోయాక కృష్ణజింక ఆంధ్రాకి, చుక్కల జింక తెలంగాణకి వచ్చాయని, పక్షుల్లో పాలపిట్ట మనకి మిగిలితే తర్వాత వాళ్ళు రామచిలుకను తెచ్చుకున్నారని చెప్పించావు. ఐదేళ్ళ బుజ్జిది జింక కళ్ళలోకి చూస్తూ, ‘‘దీనికి తెలుసా తాతయ్యా, అది మనదని?’’ అంది. పంపకాలు చేసినవాళ్ళు కూడా అడగని ప్రశ్న. నేను పక్క బోనుకి నడిచాను.

పక్క బోనులో పరువు పోయింది. ఒంటి నిండా మచ్చలు కనిపించగానే, ‘‘ఇది చిరుత! నీకు తెలుసా, చీతా వేరు, చిరుత వేరు. చీతాలు మన దేశంలో అంతరించాయని 1952లో ప్రకటించారు. మళ్ళీ 2022లో నమీబియా నుంచి ఎనిమిదింటిని కూనోకి తెచ్చారు’’ అని గుక్క తిప్పుకోకుండా చెప్పావు. అన్నీ నిజాలే. కాకపోతే బోనులో ఉన్నది చీతా కాదు, చిరుతా కాదు. ‘‘తాతయ్యా, బోర్డు మీద జాగ్వార్ అని రాసుంది’’ అన్నాడు మనవడు. అప్పుడైనా నోరు మూసుకోవచ్చుగా? ‘‘అదేరా, అమెరికా చిరుత’’ అని కవరింగ్ ఇచ్చావు. పక్కనున్న పదేళ్ళ పిల్లాడెవడో జాలిపడి, ‘‘అంకుల్, జాగ్వార్‌కి రింగుల లోపల కూడా చుక్కలుంటాయి. లెపర్డ్‌కి ఉండవు’’ అని విడమరిచి చెప్పాడు. వాణ్ణి చూస్తే భయమేసింది. నా వయసు వచ్చేసరికి వాడింట్లో నువ్వు ఎంత లావెక్కి ఉంటావో!

ఇక నీటిగుర్రం సంగతి. దీన్ని నేను క్షమించను. మడుగు ఒడ్డున పిల్లల్ని నిలబెట్టి, నేను మడుగుకి వీపు పెట్టి, పాఠం చెప్పే పంతులులా నిలుచున్నాను. ‘‘నీకు తెలుసా? పేరుకి గుర్రమే గానీ దీనికి గుర్రంతో చుట్టరికం లేదు. బతికున్న జంతువుల్లో దీనికి దగ్గర చుట్టం తిమింగలం.’’ సరిగ్గా ‘తిమింగలం’ దగ్గర జనమంతా ఒక్కసారిగా ‘ఓ’ అని అరిచారు. మడుగులోంచి లేచి అది ఇంతలేసి నోరు తెరిచిందట. చూసినవాళ్ళందరూ చెప్పారు. ఆ క్షణాన అక్కడ తెరుచుకుని ఉన్న నోళ్ళు రెండు. ఒకదాన్ని చూడ్డానికే జనం వచ్చారు. నేను వెనక్కి తిరిగేసరికి నీళ్ళ మీద రెండు చెవులు, ఒక బుడగ.

నిశాచర జంతువుల ఇంట్లో చీకట్లో దేవాంగపిల్లి గురించి నువ్వు గుసగుసలాడుతుంటే, ‘‘అంకుల్, కాస్త మెల్లగా’’ అన్నారెవరో. నువ్వు చీకట్లో కూడా ఆగవని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం చెట్టు కింద మా ఆవిడ పులిహోర డబ్బా తీసింది. చింతపండు ఎక్కడ పుట్టిందో చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపింది. ‘‘ఏమండీ, ఆ జంతువులకి పారిపోయే దారి లేదు, పాపం. పిల్లలకైనా ఉండనివ్వండి.’’ ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను ఇంత సూటిగా అన్నది రెండోసారి. మొదటిసారి ఎందుకో ఇక్కడ అనవసరం.

చివర్లో తెల్లపులి. ఎండకి నీడన పడుకుని తోక ఒక్కటే ఆడిస్తోంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న సామెత చెప్పాను. ‘‘మరి ఈ పులి ఎవర్ని చూసి వాతలు పెట్టుకుంది?’’ అన్నాడు మనవడు. బుజ్జిది కటకటాల కేసి కాసేపు చూసి, ‘‘దాని తాతయ్య ఏడి?’’ అంది.

నీకు జవాబు తెలుసు. అదే కదా నీ గొప్ప. జూల్లో ఉన్న తెల్లపులుల్లో చాలావాటికి మూలపురుషుడు ఒక్కడే, మోహన్. 1951లో రీవా అడవుల్లో వేటగాళ్ళు తల్లిని, తోడబుట్టిన పిల్లల్ని కాల్చేశాక దొరికిన కూన. తెల్లపిల్లల కోసం చివరికి దాన్ని సొంత కూతురు రాధతోనే జతకట్టించారు. 1958లో పుట్టాయి. అందుకే వాటిలో చాలావాటికి ఏవేవో అవకరాలు. రాత్రి పదకొండున్నరకి చదివించావుగా, అంతా గుర్తుంది. నాలుక చివరిదాకా వచ్చి ‘నీకు తె’ అనేశావు కూడా.

నేను పళ్ళు బిగించాను.

‘‘ఊళ్ళో ఉన్నాడమ్మా’’ అన్నాను.

‘‘ఆదివారం వస్తాడా?’’

ఏం చెప్పమంటావు? ఆ ఒక్కసారీ నువ్వు కిక్కురుమనలేదు. ముగ్గురం కటకటాల ముందు నిలబడి ఆ తోక ఆడటం చాలాసేపు చూశాం. తెల్లపులి తోక చివర కూడా చారలుంటాయని నేను చూసింది అప్పుడే. ఎక్కడా చదవలేదు.

తిరుగు ప్రయాణంలో క్యాబ్ డ్రైవరు, ‘‘ఏం చూశారు బాబూ?’’ అన్నాడు. ‘‘నీటిగుర్రం నోరు తెరిచింది! తాతయ్య తప్ప అందరం చూశాం’’ అన్నాడు మనవడు.

కాబట్టి విను. ఇకనుంచి పెళ్ళి భోజనాలకి రా, పార్కులో వాకింగ్‌కి రా, అక్కడ నీలాంటివాళ్ళు చాలామందే ఉంటారు. పిల్లలతో బయటికెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపో. చెప్పుల స్టాండులో చోటుంది.

ఇట్లు,
నీ నోరు

తా.క.: వచ్చే ఆదివారం పిల్లలు బిర్లా ప్లానెటోరియం అంటున్నారు. 1985లో ఎన్టీ రామారావు గారు ప్రారంభించారు. ఊరికే, మాటవరసకి చెప్తున్నాను.