అనుభవం ఉన్నవారు దయచేసి దరఖాస్తు చేయకండి

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) అవకాశాల గురించి ఈమధ్య చాలామంది కృతజ్ఞత లేకుండా మాట్లాడుతున్నారు. జీతం చాలదట, కాంట్రాక్ట్ ఏడాదేనట, ఆ తర్వాత ఏమిటో తెలియదట. సైన్స్‌కు జీవితం ధారపోస్తామని పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో చెప్పింది మీరే కదా? సగం పోశాక చెంబు పక్కన పెట్టి పెన్షన్ సంగతేమిటి అని అడగడం ఏం మర్యాద?

అసలు ఈ ఏర్పాటు వెనకున్న బుర్రలకు దండం పెట్టాలి. మిగతా ఉద్యోగాల్లో పని చేసేకొద్దీ అర్హత పెరుగుతుంది, ఇక్కడ మాత్రం తరుగుతుంది. యూరోపియన్ యూనియన్ వారి మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ తర్వాత పరిశోధన అనుభవం 8 ఏళ్లు దాటకూడదు. జర్మనీ హంబోల్ట్ ఫౌండేషన్ పోస్ట్‌డాక్‌లకైతే పట్టా వచ్చి 4 ఏళ్లే. వాక్యూమ్ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో, సిమ్యులేషన్ ఎక్కడ అబద్ధం చెబుతుందో చప్పుడు విని పట్టేసే స్థాయికి మీరు వచ్చేసరికి గడువు అయిపోతుంది. మంచిదే. అన్నీ తెలిసినవాడు ల్యాబ్‌లో ఉంటే మిగతావాళ్లు ఎలా నేర్చుకుంటారు?

మేరీ క్యూరీ వారిదే ఇంకో నియమం ఉంది, ఏ దేశంలో చేరాలనుకుంటున్నారో ఆ దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. మీకు సరిపోయే ల్యాబ్ మీ వీధి చివరే ఉందా, అది మీ ఖర్మ. పెట్టె సర్దండి. భార్య ఉద్యోగమో, భర్త ఉద్యోగమో, పిల్లల బడో అంటారా, ఆ ఖర్మకు బాధ్యత ఎవరిదో నియమాల్లో రాయలేదు.

ప్రపోజల్‌లో గాంట్ చార్ట్, అంటే ఏ పని ఏ నెలలో అని చూపే పట్టిక, కూడా గీయాలి. ఏ నెలలో ఏం కనిపెడతారో, కనిపెట్టకపోతే ఏం చేస్తారో రెండూ ముందే చెప్పాలి. ఏం తేలుతుందో ముందే తెలిస్తే దాన్ని పరిశోధన ఎందుకంటారు అని వాదించేవాళ్లు ఉంటారు, వాళ్లకు మార్కులు పడవు.

ఇంత చేసినా అవకాశాలు లేవంటారు. మేరీ క్యూరీ ఫెలోషిప్‌కే 2024లో 10,360 దరఖాస్తులు వచ్చాయి, 2025లో 17,058. అవకాశాలే లేకపోతే ఇంతమంది ఎందుకు ఎగబడతారు? (ఇందులో తర్కం నాకు నచ్చింది, వదలను.)

ఫెలోషిప్ రాకపోతే ల్యాబ్ ప్రకటనలు ఉండనే ఉన్నాయి. అందరికీ స్వతంత్రంగా ఆలోచించేవారే కావాలి. చేరాక పీఐ (ల్యాబ్ నడిపే పెద్ద శాస్త్రవేత్త) చెప్పిన ప్రయోగం చేయాలి, ఆయన గ్రాంట్ దరఖాస్తులో సగం రాయాలి, మాస్టర్స్ పిల్లల థీసిస్‌లు దిద్దాలి, కోడ్ పనిచేయడం లేదని పక్క గది నుంచి ఎవరు వచ్చినా లేవాలి. మిగిలిన టైమంతా స్వతంత్రంగా ఆలోచించుకోవచ్చు, తరువాతి ఉద్యోగం గురించి.

నియమాలు లెక్కచేయకపోతే ఏమవుతుందో జేమ్స్ వాట్సన్‌ను చూడండి. 1950లో బయోకెమిస్ట్రీ నేర్చుకోమని ఫెలోషిప్ ఇచ్చి కోపెన్‌హాగెన్ పంపితే, ఆ పని మనసుకెక్కక 1951లో కేంబ్రిడ్జ్‌కు మారిపోయాడు. ఫెలోషిప్ పెద్దలు ఒప్పుకోలేదు, డబ్బుకు కోత పడింది. 1953లో క్రిక్‌తో కలిసి డీఎన్‌ఏ ఆకృతి (మెలితిరిగిన జంట పోగుల ‘డబుల్ హెలిక్స్’) కనిపెట్టడం, 1962లో నోబెల్, అదంతా సరే. ఒప్పుకున్న బయోకెమిస్ట్రీ మాత్రం నేర్చుకోలేదు. ఇవాళ్టి ఫారంలో అయితే డబుల్ హెలిక్స్‌ను ‘ప్రణాళిక నుంచి పక్కకు పోవడం’ అనే గడిలో రాసి, ఇకపై అలా జరగకుండా ఏ చర్యలు తీసుకుంటున్నాడో కూడా వివరించాల్సి వచ్చేది.