“ఎంత చెప్పినా వినరు” అనే మెసేజ్‌కి జవాబు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ మూడోసారి వచ్చింది. ఈసారి పంపింది మా పెద్దనాన్నగారు. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: “ఊళ్లలో ఆరోగ్యం మీద పెట్టే అవగాహన కార్యక్రమాలన్నీ దండగ. మన జనం ఎంత చెప్పినా వినరు. ఆ డబ్బుతో మరుగుదొడ్లు కట్టిస్తే రోగాలు వాటంతటవే పోతాయి. అయినా ఇలాంటి వాటి ఫలితాన్ని కొలిచేదెవరు? చదువురాని వాళ్లకు ఇవన్నీ ఏం అర్థమవుతాయి?” కింద దండం పెట్టే బొమ్మ, “నిజమైతే పదిమందికి పంపండి”. పెద్దనాన్నగారితో గ్రూపులో వాదనకు దిగడం బాగుండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఎంత చెప్పినా వినరు

ఇది చిత్తూరు జిల్లాలో పరీక్షకు నిలబడిన మాట. 2011లో అక్కడ 14 పల్లెల్లో ఒక ప్రయోగం జరిగింది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు, బెంగళూరు వాళ్లు కలిసి చేశారు. ముందు ఇళ్లలో కూర్చుని చూశారు: దొడ్డికి వెళ్లొచ్చాక, పిల్లల ముడ్డి కడిగాక, అన్నం ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడిగేదెవరని. నూటికి ఒకటి రెండుసార్లు మాత్రమే కడుగుతున్నారు. ఆ ఊళ్లలో “చేతులు కడుక్కోవాలా?” అని అడిగితే వద్దనే వాళ్లుంటారా? తెలియక కాదు, చెయ్యక.

అందుకే వాళ్లు క్రిముల గురించి పాఠం చెప్పలేదు. మనలో ఎవరికైనా ఆ పని అప్పగిస్తే ముందు సూక్ష్మజీవి బొమ్మతో ఫ్లెక్సీ కొట్టించేవాళ్లం, ఒప్పుకుందాం. వాళ్లు ఊళ్లోకి నాటకం తెచ్చారు. లడ్డూ లింగం అని ఒకడు, చేతులు కడగడు, బురదతో, పురుగులతో లడ్డూలు చుడతాడు. చూసినవాళ్లకు ఒళ్లు జలదరించాలి, అదీ లెక్క. దానికి ఎదురుగా ‘సూపర్ అమ్మ’. కొడుక్కి మంచి అలవాట్లు నేర్పి, వాడు పెద్దవాడవ్వాలని కలగనే పల్లెటూరి తల్లి. పైన నలుగురి ముందూ ఆడవాళ్లతో ప్రమాణం. అసహ్యం, తల్లి మమకారం, నలుగురి కళ్లు. అలవాటును కదిలించేవి ఇవేనని ముందే అంచనా వేసుకుని కార్యక్రమాన్ని అల్లారు.

ఆరు వారాలకు నూటికి 19 సార్లు కడుగుతున్నారు. ఆరు నెలలకు 37. కార్యక్రమం జరగని ఊళ్లలో అదే సమయానికి 6. ఆ తర్వాత ఆ ఊళ్లలోనూ కాస్త కుదించి ఆడారు. ఏడాదికి రెండు వైపులా 29 దగ్గర నిలిచింది. 37 అంటే ఇంకా 63 సార్లు కడగడం లేదనే కదా అని పెద్దనాన్నగారు అడగొచ్చు. నిజమే. విరేచనాలు ఎంత తగ్గాయో కూడా అక్కడ కొలవలేదు. కానీ ఒకటి నుంచి 37కి వెళ్లిన ఊళ్లను పట్టుకుని “వినరు” అనడం కుదరదు.

మరుగుదొడ్లు కట్టిస్తే రోగాలు పోతాయి

ఒడిశాలోని పూరీ జిల్లాలో 100 ఊళ్లు తీసుకున్నారు. సంపూర్ణ పారిశుద్ధ్య పథకం కింద సగం ఊళ్లలో ముందుగా మరుగుదొడ్ల పని చేపట్టారు. మరుగుదొడ్డి ఉన్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. మామూలుగా జిల్లా స్థాయి సమీక్షలో ఇక్కడే చప్పట్లు పడతాయి. పరిశోధకులు మాత్రం ఐదేళ్లలోపు పిల్లల దగ్గరికి వెళ్లారు. వారం రోజుల్లో విరేచనాలైన పిల్లలు కట్టిన ఊళ్లలో 8.8 శాతం, కట్టని ఊళ్లలో 9.1 శాతం. తేడా లేనట్టే. నులిపురుగులూ తగ్గలేదు, పిల్లల ఎదుగుదలా మారలేదు. గోడలు లేచాయి గానీ ఇంటిల్లిపాదీ వాడటం మొదలుపెట్టలేదు. 2014లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

దీన్ని తిరగేసి “కట్టడాలు అక్కర్లేదు, ప్రచారం చాలు” అనేవాళ్లూ ఉంటారు. వాళ్లకు నల్గొండ చూపించాలి. బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉంటే మైకు పెట్టి ఏం చెబుతాం? అక్కడ కావాల్సింది మంచినీళ్లు. ఏ ఊరి జబ్బుకు ఏది అడ్డుపడుతోందో చూడకముందే మందు రాయడం రెండు పక్షాలూ చేస్తున్న తప్పే.

ఫలితాన్ని కొలవలేం

ఈ మాటలో పెద్దనాన్నగారి పక్షాన కొంత న్యాయముంది. మన దగ్గర చాలా కార్యక్రమాల రిపోర్టుల్లో ఉండేది ఎన్ని సభలు, ఎంతమంది వచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచారు, చివర బ్యానర్ పట్టుకున్న ఫొటో. అది ఖర్చు లెక్క. జనం బతుకులో ఏం మారిందో అందులో ఉండదు.

అలాగని కొలవలేమని కాదు. పైన చెప్పిన రెండు చోట్లా కొలిచారు. కిటుకు పెద్దదేం కాదు: కార్యక్రమం లేని ఊళ్లను కూడా పక్కన పెట్టుకుని చూడటం. అది లేకపోతే మోసపోతాం. ఉదాహరణకు ఒక మండలంలో ఆగస్టులో డెంగీ మీద ప్రచారం మొదలుపెట్టి, సంక్రాంతికి కేసులు లెక్కపెట్టారనుకోండి. బ్రహ్మాండంగా తగ్గి ఉంటాయి. వానలు వెనక్కి తగ్గాక ప్రచారం లేని మండలంలోనూ తగ్గుతాయి మరి. ఇంకోటి, అడిగి తెలుసుకోవడం వేరు, చూసి తెలుసుకోవడం వేరు. “కడుగుతారా?” అని ఆశా కార్యకర్త అడిగితే ఏ ఇల్లాలైనా కడుగుతామనే చెబుతుంది. చిత్తూరులో ఇళ్లలో కూర్చుని చూశారు కాబట్టే ఆ ఒకటి రెండు శాతం బయటపడింది. కొలత ఎప్పుడన్నదీ ముఖ్యమే. ఆరు నెలల దగ్గర ఆపేస్తే 37తో పండగ చేసుకోవచ్చు, ఏడాది దాకా ఆగితే 29 కనబడుతుంది. పని మొదలుపెట్టే రోజే ఈ కొలతలన్నీ రాసి పెట్టుకోవాలి. అంతా అయ్యాక రిపోర్టు కోసం వెతుక్కుంటే దొరికేవి ఫొటోలే.

చదువురాని వాళ్లకు ఏం అర్థమవుతుంది

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. జార్ఖండ్, ఒడిశాల్లోని మూడు జిల్లాల్లో, ఎక్కువగా ఆదివాసీ పల్లెల్లో, ఏక్‌జుట్ అనే సంస్థ ఆడవాళ్ల బృందాలను నెలకోసారి కూర్చోబెట్టింది. చాలామందికి చదువు రాదు. బొమ్మల కార్డులు, కథలు, ఆటలు. పాఠం చెప్పే డాక్టరు లేడు. పసిబిడ్డలు ఎందుకు పోతున్నారు, మన ఊళ్లో ముందు ఏది సరిచేయాలి అని వాళ్లే తేల్చుకున్నారు, వాళ్లే పూనుకున్నారు. బృందాలు లేని ప్రాంతాలతో పోలిస్తే మూడేళ్లలో నెలలోపు పసికందుల మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఈ ఒక్క పేరా మాత్రం గ్రూపులో పెడతాను. పెద్దనాన్నగారు దీన్ని కూడా పదిమందికి పంపుతారేమో చూడాలి.