మా షాపులో చప్పుడే లేదు

చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని మా ప్రెస్ షాపులో చప్పుడే లేదని మొన్న కాగితం మీద తేలిపోయింది. 12 పవర్ ప్రెస్సులు పొద్దస్తమానం రేకుని బాదుతుంటే అదెలాగని అడగకండి. చప్పుడు కొలిచే మీటరు పట్టుకొచ్చిన కుర్రాణ్ణి తిన్నగా మేనేజరుగారి ఏసీ గదిలో కూర్చోబెట్టి ఫిల్టర్ కాఫీ ఇచ్చారు. కొలతా అక్కడే, తలుపేసుకుని, మేం అన్నాలకెళ్ళిన టైములో. వచ్చింది 58 డెసిబెల్స్. ఎనిమిది గంటల షిఫ్టుకి నిబంధనలు 90 డెసిబెల్స్ దాకా ఒప్పుకుంటాయి కనుక మాకింకా 32 మిగిలాయి. వాటిని వచ్చే ఏడాది వాడుకోవాలని మేనేజరుగారి ఆలోచన.

ఒక ప్రెస్సు 90 అయితే రెండు కలిపి 180 అవుతాయేమోనని స్టోర్స్ కుర్రాడు హడలిపోయాడు. కాదు, 93. మూడే కదా అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. ఆ మూడంటేనే శబ్దశక్తి రెట్టింపని చెప్పిన సేఫ్టీ ఆఫీసరుని క్యాంటీన్ కమిటీకి మార్చారు. ముక్కల్ని ఊదే గాలి పైపు మూతికి సైలెన్సర్ పెట్టండి, ప్రెస్సుల చుట్టూ గది కట్టండి అని కూడా అన్నాడట పాపం. ఇప్పుడు సాంబారులో ఉప్పు చూస్తున్నాడు.

చెవుల్లో పెట్టుకునే పచ్చ స్పాంజి ప్లగ్గులు మాకూ ఉన్నాయి. దాన్ని వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవి పైకి లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. మాకు అంత శ్రమ లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు తాళిబొట్టులా మెళ్ళో వేసుకుంటాం, సాయంత్రం సంతకం పెట్టి బీరువాలో అప్పగిస్తాం.

నాలుగో ప్రెస్సు మీద 22 ఏళ్ళుగా ఉన్న మా నెల్లూరన్నకి ముందు సన్నటి శబ్దాలు పోయాయి. చప్పుడు వల్ల వచ్చే ఈ చెవుడు 4000 హెర్ట్జ్ దగ్గరే, అంటే కీచు శబ్దాల దగ్గరే మొదలవుతుంది, మాట వినపడుతుంది గానీ అర్థం కాదు. మొన్న కూతురు ఫోన్ చేసి "ఫీజు కట్టావా నాన్నా?" అంటే, "తిన్నానమ్మా, ఇడ్లీ" అన్నాడు. చట్టం ప్రకారం ఇది సర్కారుకి తెలియజేయాల్సిన జబ్బు. మా దగ్గర ఒక్క కేసూ లేదు. వినికిడి పరీక్షే పెట్టకపోతే జబ్బెక్కడిది?

శుక్రవారం మేనేజరుగారు షాపు మధ్యలో నిలబడి రిపోర్టు చదివారు. ప్రెస్సులు ఆపలేదు. పెదాలు ఆగగానే చప్పట్లు కొట్టాం. అభ్యంతరాలేవీ రాలేదని మినిట్స్‌లో రాసుకున్నారు.