లేని సవతి

1662లో మసాచుసెట్స్‌లో పెళ్ళి చేసుకున్న ఒకాయనకి ఇంటర్నెట్‌లో ఇద్దరు భార్యలు. నిజానికి ఒక్కరే. ఆ రెండో ఆవిడ ఎలా పుట్టుకొచ్చిందో చెబుదామనే ఇది రాస్తున్నాను. మన పిల్లలు అమెరికాలో ఇక్కడివాళ్ళని పెళ్ళి చేసుకుంటున్నారు, మనవళ్ళ వంశవృక్షంలో సగం కొమ్మలు అటువైపువే, ఇవాళ కాకపోతే రేపు ఈ గొడవ మీ ఇంటికీ వస్తుంది.

ఆయన మా అల్లుడి తల్లి వైపు పూర్వీకుడు. వాళ్ళది కాలనీల నాటి కుటుంబం, ఆ సంగతి మా వియ్యపురాలు సందు దొరికితే చాలు చెబుతారు. మనవరాలికి స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్ట్ ఇస్తే ఆవిడా నేనూ కలిసి కూర్చున్నాం. ఊరి రికార్డు పుస్తకం స్కాన్ తెరిస్తే పెళ్ళి "2వ నెల 10, 1662" అని ఉంది, పెద్దకొడుకు పుట్టింది "11వ నెల 20, 1662" అని ఉంది. ప్యూరిటన్లకి, అంటే ఇంగ్లండ్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన నిష్ఠాపరులైన క్రైస్తవులకి, నెలల పేర్లంటే గిట్టదు, అవి పాత రోమన్ దేవుళ్ళ పేర్లని, అందుకే నంబర్లు వేసేవాళ్ళు. పైగా 1752 దాకా ఇంగ్లండ్‌లోనూ దాని కాలనీల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మార్చి ఒకటో నెల. అంటే పెళ్ళి ఏప్రిల్‌లో, పిల్లాడు జనవరిలో. ఆ జనవరి నాటికి వాళ్ళ 1662 ఇంకా అయిపోలేదు, మన లెక్కలో అది 1663. పెళ్ళైన తొమ్మిది నెలల పైచిలుకుకి పిల్లాడు, అంతా సవ్యంగానే ఉంది.

ఎవరో నెలని జనవరి అని సరిగ్గానే మార్చి, సంవత్సరం మాత్రం 1662 అనే ఉంచేశారు. దాంతో పెళ్ళికి మూడు నెలల ముందే పిల్లాడు పుట్టాడు! అంత నిష్ఠగల వంశంలో అలా ఎలా జరుగుతుందని ఇంకెవరో ఆయనకి ఒక మొదటి భార్యని కల్పించారు, మరొకరు ఆవిడకి మేరీ అని పేరు పెట్టారు, తర్వాతివాళ్ళు పురిట్లో చంపేసి తారీఖు కూడా వేశారు. ఇప్పుడు ఎన్ని ఆన్‌లైన్ ట్రీలలో చూసినా ఆవిడ ఉంది. "ఇంతమంది పెట్టారంటే ఏదో ఆధారం ఉండే ఉంటుంది" అన్నారు వియ్యపురాలు. ఇంతమంది ఎక్కడండీ, రాసింది ముగ్గురో నలుగురో, మిగతావాళ్ళు క్లిక్ చేసి కాపీ చేసుకున్నారు.

నా గోల ఏమిటంటే, రెండు రికార్డులు ఒకదానికొకటి పొసగనప్పుడు మనుషులు పాతదాన్నో నమ్మకమైనదాన్నో ఎంచుకోరు, పరువుగా కనిపించేదాన్ని ఎంచుకుంటారు.

ఇంగ్లండ్ నుంచి వలసవాళ్ళని తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన జాన్ హౌలండ్‌ సంగతే చూడండి. 1620లో ఆ ఓడలో వచ్చిన 102 మందిలో ఒకడు, వాళ్ళు పెట్టిన ప్లిమత్ కాలనీకి మొదటి గవర్నర్ అయిన జాన్ కార్వర్ దగ్గర పనివాడిగా వచ్చాడు, దారిలో తుఫానుకి సముద్రంలో పడి తాడు పట్టుకుని బతికి బయటపడ్డాడు. ఆయన భార్య ఎలిజబెత్ గవర్నర్ గారి కూతురని తరతరాలు చెప్పుకున్నారు, 19వ శతాబ్దంలో పెట్టిన సమాధి రాయి మీద కూడా అదే చెక్కించారు. కార్వర్ తర్వాత ప్లిమత్ గవర్నర్ అయిన విలియం బ్రాడ్‌ఫర్డ్ చేత్తో రాసుకున్న చరిత్ర ఎక్కడో పోయి, 1855లో లండన్ బిషప్ లైబ్రరీలో బయటపడి, మరుసటి ఏడాది అచ్చయ్యాక తెలిసింది, ఆవిడ జాన్ టిల్లీ కూతురు. టిల్లీ గవర్నరూ కాదు, ఇంకోటీ కాదు, వచ్చిన మొదటి చలికాలంలోనే భార్యతో సహా పోయినవాడు. బ్రాడ్‌ఫర్డ్ వాళ్ళతో కలిసి బతికినవాడు కాబట్టి ఆయన మాట చెల్లింది. రాతి మీద చెక్కినంత మాత్రాన ఆధారం అయిపోదు, చెక్కించినవాడికి ఎలా తెలుసు అన్నది చూడాలి.

ఈ పరువు పిచ్చిని వ్యాపారం చేసుకున్నవాడూ ఉన్నాడు. గుస్టావ్ అంజూ అని, స్వీడన్ నుంచి వచ్చి న్యూయార్క్ స్టేటెన్ ఐలాండ్‌లో ఉంటూ డబ్బున్న కుటుంబాలకి వంశ చరిత్రలు రాసిచ్చేవాడు. దొరకని చోట్ల లేని వీలునామాలు, లేని చర్చి రికార్డులు కల్పించేవాడు. 1942లో పోయాడు. ఆయన పుస్తకాలు మాత్రం పోలేదు, లైబ్రరీల్లో ఉన్నాయి, అక్కణ్ణుంచి ట్రీలలోకి ఎక్కాయి.

మనం నవ్వుకోనక్కర్లేదు. మా తరంలో స్కూల్లో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు తోచిన తారీఖు వేసేవారు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, అమ్మ చెప్పేది ఒకటి, గ్రీన్ కార్డ్ అప్పుడు పుట్టిన రికార్డు లేదని మునిసిపాలిటీ నుంచి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, మేనమామ ఇచ్చిన అఫిడవిట్ ఒకటి. మూడు వందల ఏళ్ళ తర్వాత ఎవరైనా మన కాగితాలు ముందేసుకుంటే మనలో సగం మంది ఇద్దరేసి మనుషులు అవుతారు. ఏ కాగితం ఏ అవసరానికి పుట్టిందో మనకి బాగా తెలుసు కదా, అదే ప్రశ్న అక్కడా అడగమంటున్నాను. ఆ కాలనీల రోజుల్లో ఒకే ఊళ్ళో ఒకే పేరుతో ఇద్దరుంటే వయసుని బట్టి సీనియర్, జూనియర్ అని రాసేవాళ్ళు, వాళ్ళు తండ్రీకొడుకులే కానక్కర్లేదు. వీలునామాలో కొడుకు పేరు లేకపోతే కొడుకే లేడనీ కాదు, వాడి వాటా ముందే దస్తావేజు మీద ఇచ్చేసి ఉండొచ్చు. ఇక వర్జీనియాలో హానోవర్ లాంటి కౌంటీల కోర్టు రికార్డులైతే 1865లో రిచ్‌మండ్ మంటల్లో పోయాయి, అక్కడ గడి ఖాళీగా ఉంచడమే మర్యాద.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది వేరే. వియ్యపురాలి ఇంట్లో 1880ల నాటి కుటుంబ చరిత్ర పుస్తకం ఒకటి ఉంది, తోలు అట్ట, బంగారు అక్షరాలు. పైన చెప్పినాయన మనవడు సొంత రెక్కల కష్టంతో రాళ్ళ నేలని పొలం చేశాడని అందులో ఉంది. ఆ మనవడు పోయాక కోర్టుకి ఇచ్చిన ఆస్తి జాబితాలో ఆవులు, ఇత్తడి గిన్నె, పరుపు, వాటి మధ్యలో ఒక నల్లజాతి కుర్రాడు, ఇంటిపేరు లేదు, ఒట్టి పేరు, పక్కన పౌండ్లలో ధర. మసాచుసెట్స్‌లో 1780ల దాకా బానిసత్వం ఉండేది. పుస్తకం రాసినవాళ్ళు ఆ జాబితా చూశారు, ఆవుల సంఖ్య అందులోంచే తీసుకున్నారు. ఆ ఒక్క లైన్ దాటేశారు.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలుగా ఉన్నవాళ్ళలో చాలామంది పేర్లు, ఇంటిపేర్లతో సహా, జనాభా లెక్కల్లోకి ఎక్కింది 1870లోనే. అంతకు ముందు వాళ్ళ కుటుంబాలకి దొరికేవి ఎక్కువగా ఇలాంటి యజమానుల కాగితాలే. అందుకని మీ అల్లుళ్ళ, కోడళ్ళ వైపు కాగితాలు ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు మనకి కావలసిన ముక్క కత్తిరించి పెట్టకండి, పేజీ మొత్తం ఎక్కించండి, అందులో ఉన్న ప్రతి పేరూ సెర్చ్‌లో దొరికేలా టైప్ చేయండి. మా ట్రీలో ఆ పని మా అల్లుడు చేశాడు. వియ్యపురాలికి అంతగా నచ్చలేదు, పుస్తకంలో లేదు కదా అన్నారు.