సవరణ: పిండినల్లికి వేపనూనె ఎండలో కొట్టకండి

కుండీల్లోని మందారానికి పట్టే పిండినల్లి గురించి మొన్న రాసిన పోస్టులో, వేపనూనెను మిట్టమధ్యాహ్నం ఎండలో కొడితే పురుగు త్వరగా చస్తుందన్నాను. అది తప్పు. ఉద్యాన శాఖలో పనిచేసే ఒకాయన చదివి సరిచేశారు.

వేపనూనెలో పురుగు మీద పనిచేసే పదార్థమైన అజాడిరక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోయి పనిచేయదు, పైగా నూనె పట్టిన ఆకు మాడిపోతుంది. మన తిరుపతి ఎండల్లో మేడ మీది కుండీలకైతే మరీ ప్రమాదం. పొద్దు వాలాకే కొట్టండి. లీటరు నీళ్ళకు 5 మి.లీ. నూనె చాలు. అది నేరుగా నీళ్ళలో కలవదు కాబట్టి, ముందు కాసిని గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల లిక్విడ్ సోపుతో కలిపి తెల్లబడేదాకా గిలక్కొట్టి, తర్వాత మిగతా నీళ్ళు పోయాలి.

ఒక్కసారికే పోదు. ఆకు తొడిమ మొదట్లో దూదిలా కనిపించే ముద్దల్లో గుడ్లుంటాయి, వాటి మీది మైనపు పూత మందును లోపలికి దిగనివ్వదు. వాటిని తడిగుడ్డతో తుడిచేసి, వారం పదిరోజులకోసారి రెండు మూడు దఫాలు కొట్టాలి.

చీమల సంగతి అప్పుడు రాయనే లేదు. నల్లి వదిలే తీపి జిగురు కోసం అవి దానికి కాపలా కాస్తాయి, కొత్త కొమ్మలకు మోసుకెళతాయి కూడా. ముందు వాటిని ఆపండి.

ఇప్పటికే ఎండలో కొట్టినవాళ్ళు ఈ సాయంత్రమే ఆకుల్ని మంచినీళ్ళతో కడిగేయండి.